పాత రాక్ వీడియోలకు కొత్త మెరుగు: ఏ వెర్షన్ చూడాలి, దేనికి డబ్బు పెట్టాలి

మా అక్క సీమంతం వీడియో క్యాసెట్ చివర్లో అరగంట టేపు ఖాళీగా ఉండిపోయింది. తొంభైల్లో ఇంటర్ చదివే కుర్రాడికి అరగంట ఖాళీ టేపంటే చిన్న ఆస్తి కాదు. రాత్రి పదకొండు దాటాక కేబుల్లో ఇంగ్లిష్ పాటల ఛానల్ పెట్టి, వీసీఆర్ రికార్డు బటన్ మీద వేలు వేసుకుని కూర్చునేవాణ్ణి. అలా దొరికింది గన్స్ ఎన్ రోజెస్ అనే రాక్ బృందం వాళ్ల 'నవంబర్ రెయిన్'. మొదటి పది సెకన్లు పోయాయి, మిగతాదంతా పడింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు, చుట్టాలెవరైనా వచ్చి ఆ క్యాసెట్ పెట్టమంటే, పేరంటాళ్లు గాజులు తొడిగి, అక్షింతలు వేసి, మంగళహారతి అయిపోగానే ఎక్కడో ఎడారిలో ఒంటరి చర్చి ముందు ఆ బృందంలోని స్లాష్ గిటార్ వాయిస్తూ ప్రత్యక్షమయ్యేవాడు. మా పెద్దమ్మ ప్రతిసారీ అడిగేది, "ఈ జుట్టాయన ఎవర్రా, మనవాళ్లేనా?" అని.

ఆ టేపులో చర్చి, ఇసుక, ఆకాశం మూడూ కలిసి ఒకే బూడిదరంగు ముద్ద. తెర కింద ట్రాకింగ్ గీత ఒకటి ఎప్పుడూ వణుకుతూ ఉండేది. పెళ్లి విందులో వాన పడగానే ఒకడు కేకు మీదుగా దూకేస్తాడని నాకు పదేళ్ల తర్వాత గానీ తెలియలేదు. నా కాపీలో అక్కడ ఏదో తెల్లటి మరక కదిలేది, అంతే. మైక్ సదన్, డేనియల్ పెర్ల్‌లకు 1992లో ఉత్తమ ఛాయాగ్రహణానికి ఎంటీవీ అవార్డు తెచ్చిపెట్టిన వీడియో అది. వాళ్ల పనితనంలో నా వాటాకు వచ్చింది ఆ మరక.

అందుకే ఇప్పుడు పాత రాక్ వీడియోలు, కచేరీ సినిమాలు ఒక్కొక్కటే శుభ్రపడి వస్తుంటే, యాభైకి దగ్గరపడ్డ ఈ వయసులో కూడా మొదటి ఆటకు పరిగెత్తినంత హడావిడి పడుతున్నాను. దాదాపు వెయ్యి పాత వీడియోలను మెరుగుపరుస్తామని యూట్యూబ్, యూనివర్సల్ మ్యూజిక్ కలిసి 2019 జూన్‌లో ప్రకటించాయి. అప్పటినుంచీ వరద ఆగలేదు. చిక్కేమిటంటే ఒకే పాటకు నాలుగైదు వెర్షన్లు కనిపిస్తాయి. పాత అప్‌లోడ్, అధికారిక రీమాస్టర్ (అంటే మెరుగుపరిచిన కాపీ), ఎవరో అభిమాని ఏఐతో చేసిన "4కె 60 ఎఫ్‌పీఎస్", ఓటీటీలో ఒకటి, డిస్కులో ఇంకొకటి. 4కె అన్న అక్షరాలు పోస్టర్ మీద పడితే చాలు హాలు నిండుతుందని 'పోకిరి', 'జల్సా' రీ-రిలీజ్‌లప్పుడు, 2022లోనే మనం చూశాం. ఆ అక్షరాలను ఎప్పుడు నమ్మాలో, ఎప్పుడు నమ్మకూడదో నా అనుభవంలోంచి చెబుతాను.

ముందు అడగాల్సింది: ఫిల్మా, టేపా?

వీడియో ఇప్పుడు ఎంత రిజల్యూషన్‌లో ఉందన్నది తర్వాతి మాట. అది దేని మీద పుట్టిందో ముందు చూడాలి. 35 ఎంఎం ఫిల్మ్ మీద తీసినదైతే, మన పాత డబ్బా టీవీలు ఏనాడూ చూపించని వివరమంతా ఆ నెగెటివ్‌లో దాక్కునే ఉంటుంది. మంచి స్కానర్‌లో పెడితే ఈరోజు బయటికొస్తుంది. అదే వీడియో టేపు మీద తీసినదైతే బొమ్మ మొత్తం కొన్ని వందల గీతలే. బ్రిటన్‌లోనూ మన దేశంలోనూ వాడిన పాల్ అనే టీవీ పద్ధతిలో కనిపించే గీతలు 576, అమెరికా వాడిన ఎన్‌టీఎస్‌సీలో సుమారు 480. 4కె తెరకేమో పైనుంచి కిందికి 2160 గీతలు కావాలి. మిగతావి ఎక్కణ్ణుంచి వస్తాయి? ఏదో సాఫ్ట్‌వేర్ ఊహించి నింపాల్సిందే.

ఎనభైల వీడియోల్లో ఇంకో మెలిక ఉంది. చాలావాటిని ఫిల్మ్ మీదే తీశారు గానీ ఎడిటింగ్ టేపు మీద చేశారు. ఛానళ్లకు వెళ్లిందీ, మనం చూసిందీ ఆ టేపే. ఆ టేపు మాస్టర్ మామిడి తాండ్ర లాంటిది. రుచి ఉంటుంది, నిలవా ఉంటుంది, కానీ ఎంత నానబెట్టినా మళ్లీ పండు కాదు. పండు కావాలంటే చెట్టు దగ్గరికే పోవాలి. అంటే కెమెరాలోంచి దిగిన అసలు రీళ్లను గోదాముల్లో వెతికి పట్టుకోవాలి, స్కాన్ చేయాలి, పాత టేపును పక్కన పెట్టుకుని షాటు షాటుకూ మళ్లీ కూర్చాలి. రంగులు మళ్లీ దిద్దాలి. టేపు మీద వేసిన ఎఫెక్టులుంటే అవీ మళ్లీ చేయాలి. ఇంత కష్టం ఎందుకని కొందరు తాండ్రకే నీళ్లు కలిపి రసం అని అమ్ముతుంటారు.

తేడా పట్టుకోవడం కష్టమేమీ కాదు. వివరణలో "ఒరిజినల్ నెగెటివ్ నుంచి", "35 ఎంఎం నుంచి స్కాన్ చేసింది" అని ఉంటే అది చెట్టు దగ్గరికి వెళ్లొచ్చిన సరుకు. ఉత్తి "రీమాస్టర్డ్" అని వదిలేస్తే కొంచెం ఆగాలి. దూరం నుంచి తీసిన షాటు దగ్గర వీడియో ఆపి, జనంలో చివరి వరస వాళ్ల ముఖాలు, చొక్కా నేత, చెట్టు ఆకులు చూడండి. ఫిల్మ్ స్కాన్ అయితే సన్నటి ఇసుక చల్లినట్టు గ్రెయిన్ కనిపిస్తుంది, వివరం దాని కింద ఉంటుంది. ఉబ్బించిన టేపు అయితే దగ్గరి ముఖాలు నున్నగా మెరుస్తాయి, దూరపు ముఖాలు పిండి ముద్దల్లా ఉంటాయి. కదిలే చేతుల అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తే అది కూడా టేపు ఆనవాలే.

ఒకే దర్శకుడు, ఒకే ఏడాది, రెండు పుట్టుకలు చూడాలనుకుంటే స్టీవ్ బారన్ 1985 పనులు తీసుకోండి. ఆ-హా బృందానికి 'టేక్ ఆన్ మీ' తీసిందీ, డైర్ స్ట్రెయిట్స్‌కు 'మనీ ఫర్ నథింగ్' తీసిందీ ఆయనే. మొదటిది ఫిల్మ్. రెండోదాంట్లో ఆ డబ్బాల్లాంటి మనుషులను అప్పటి బాష్ కంపెనీ కంప్యూటర్ మీద, టీవీ కొలతకే చేశారు. వాటికి నెగెటివ్ అంటూ లేదు. ఎంత తుడిచినా అంచులు అంతే. నిజానికి ఆ మొరటు అంచుల కోసమే ఆ వీడియో చూస్తాం.

టేపు మీద పుట్టినవి: తక్కువ ముట్టుకున్నదే మేలు

క్వీన్ 'బొహీమియన్ రాప్సొడీ' వీడియో తెలియని రాక్ అభిమాని ఉండడు. 1975 నవంబర్‌లో లండన్ పక్కన ఎల్‌స్ట్రీలో బ్రూస్ గోవర్స్ దర్శకత్వంలో సుమారు నాలుగు గంటల్లో చుట్టేశారు. తీసింది వీడియో టేపు మీద. ఒకే ముఖం వరసగా దూరమవుతూ పోయే ఆ మాయ, కెమెరాను దాని మానిటర్‌కే ఎదురుగా తిప్పి అక్కడికక్కడే పుట్టించింది. తర్వాత కలిపింది కాదు కాబట్టి విడదీసి బాగుచేయడానికి ఏమీ లేదు. 2019 జూలైలో ఈ వీడియో వంద కోట్ల వ్యూస్ దాటినప్పుడు హెచ్‌డీ రీమాస్టర్ విడుదల చేశారు.

దీనికి మూడు దారులున్నాయి. పాత అప్‌లోడ్ మసక. అభిమానుల ఏఐ 4కె వెర్షన్ మొదట చూడగానే నోరెళ్లబెట్టిస్తుంది, రెండోసారి చూస్తే భయపెడుతుంది. గాయకుడు ఫ్రెడ్డీ పళ్లు ఒక్కో ఫ్రేముకూ లెక్క మారుతుంటాయి. చీకట్లోంచి నాలుగు ముఖాలు తేలే మొదటి షాటులో చర్మం గచ్చు నేలలా అవుతుంది. పైగా సెకనుకు 60 ఫ్రేములకు సాగదీస్తే ఆ నీడల గాంభీర్యం పోయి సీరియల్ షూటింగ్ చూసినట్టుంటుంది. అధికారిక హెచ్‌డీ మధ్యలో ఉంటుంది. కొంచెం మెత్తగా, కొంచెం టేపులా, కానీ మనుషులు మనుషుల్లాగే ఉంటారు. కళ్లు మూసుకుని అదే ఎంచుకోండి.

ఏఐ మీద నాకు ఇంత మంట ఎందుకంటే, అది మా ఇంటిదాకా వచ్చింది. ఆ సీమంతం క్యాసెట్‌ను రెండేళ్ల కిందట డిజిటల్ చేయించాను. ఆ షాపతను అడగకుండానే "ఎన్‌హాన్స్" కొట్టి ఇచ్చాడు. ఇంట్లో అందరం టీవీ ముందు కూర్చున్నాం. చీరల జరీ తళతళలాడిపోయింది. మా పెద్దమ్మ తెర మీదికి రాగానే అక్క అంది, "ఎవరీవిడ?" పెద్దమ్మ బుగ్గ మీది పుట్టుమచ్చను మరక అనుకుని ఆ సాఫ్ట్‌వేర్ తుడిచేసింది. ముక్కుపుడక కూడా సగం పోయింది. ఆవిడ చనిపోయి అప్పటికి ఆరేళ్లు. వెళ్లి మళ్లీ ముట్టుకోని కాపీ తెచ్చుకున్నాను.

పింక్ ఫ్లాయిడ్ 'పల్స్' కూడా ఈ జాతిదే. 1994 అక్టోబర్‌లో లండన్ ఎర్ల్స్ కోర్ట్ కచేరీని డేవిడ్ మాలెట్ వీడియో టేపు మీద తీశాడు. 2022 ఫిబ్రవరిలో బ్లూరే వచ్చింది. అసలు టేపుల దగ్గరికి వెళ్లి మళ్లీ ఎడిట్ చేశారు కాబట్టి పాత డీవీడీ కంటే ఖచ్చితంగా మెరుగు. లేజర్లు, ఆ గుండ్రటి తెర, పొగ అన్నీ శుభ్రంగా ఉన్నాయి. కానీ పెద్ద ప్రొజెక్టర్ మీద వేసి గిటారిస్టు గిల్మర్ వేళ్లు లెక్కపెడదామనుకుంటే నిరాశ తప్పదు. డీవీడీ లేనివాళ్లు కొనొచ్చు. ఉన్నవాళ్లు, శబ్దం కోసమైతే తప్ప, తొందరపడక్కర్లేదు.

ఫిల్మ్ మీద పుట్టినవి: ఇక్కడ డబ్బు పెట్టండి

'టేక్ ఆన్ మీ' హెవీ రాక్ కాదని నా స్నేహితులు తిట్టినా సరే, మెరుగు అంటే ఏమిటో ఎవరికైనా చూపించాలంటే నేను మొదట పెట్టేది ఇదే. మైకేల్ ప్యాటర్సన్, క్యాండస్ రెకింగర్ కలిసి దాదాపు 3,000 ఫ్రేములను పెన్సిల్‌తో చేత్తో గీశారు. 16 వారాలు పట్టింది. 2019లో ఫిల్మ్ నుంచి 4కె చేశారు. కామిక్ పుస్తకంలోంచి చెయ్యి బయటికొచ్చి ఆ అమ్మాయిని పిలిచే దగ్గర ఆపి చూడండి. పాత కాపీలో చెయ్యి అంటే నల్లటి అంచు, అంతే. ఇందులో పెన్సిల్ గట్టిగా నొక్కిన చోటు, తేలిగ్గా పోనిచ్చిన చోటు వేర్వేరుగా తెలుస్తాయి. ఒక్కో గీతా ఫ్రేముకు ఫ్రేముకూ కొద్దిగా జరుగుతూ బతికున్నట్టు వణుకుతుంది. ముప్పై నాలుగేళ్లు మనం చూసింది ఆ బొమ్మల నీడ. ఖర్చు కూడా లేదు, యూట్యూబ్‌లో ఉచితం.

తమాషా చూడండి, 1975 క్వీన్‌ను ఎవరూ 4కె చేయలేరు, 1981 క్వీన్ మాత్రం అద్భుతంగా వచ్చింది. మాంట్రియల్ ఫోరమ్‌లో 1981 నవంబర్ 24, 25 తేదీల కచేరీలను సాల్ స్విమర్ 35 ఎంఎం మీద తీశాడు. 'క్వీన్ రాక్ మాంట్రియల్' పేరుతో 2024 జనవరిలో ఐమాక్స్‌కు, మేలో డిస్నీ ప్లస్‌కు వచ్చింది, 4కె డిస్కు కూడా ఉంది. ఫ్రెడ్డీ మెడ మీద చెమట కారడం, రోజర్ టేలర్ సింబల్ కొట్టినప్పుడు దాని అంచు వణకడం తెలుస్తుంది. క్వీన్ కోసం ఒకే ఒక్క డిస్కు కొంటానంటే ఇదే కొనండి. పాటల వీడియోలు యూట్యూబ్‌కు వదిలేయండి.

ఇక పాంపే. నా దృష్టిలో ఇటీవలి పునరుద్ధరణల్లో ఇది తలమానికం. 1971 అక్టోబర్‌లో అడ్రియన్ మాబెన్ పింక్ ఫ్లాయిడ్‌ను ఇటలీలో పాంపే శిథిలాల మధ్య, ప్రేక్షకుడన్నవాడు లేని రంగస్థలంలో వాయింపజేశాడు. మొదటి సినిమా గంట సేపే. అబ్బే రోడ్ స్టూడియో దృశ్యాలు తర్వాత చేరాయి. 2003లో వచ్చిన డీవీడీ "డైరెక్టర్స్ కట్"లో గ్రహాలు, అంతరిక్షం అంటూ కంప్యూటర్ బొమ్మలు అతికించారు. పాటలో లీనమైపోయి ఉండగా ఎవరో వచ్చి క్యాలెండర్ చూపించినట్టు ఉండేది. ఆ డీవీడీ నా దగ్గరుంది, అదనపు అంశంగా ఇచ్చిన పాత గంట సినిమా కోసమే దాన్ని ఉంచుకున్నాను.

2025లో వచ్చిన వెర్షన్ వేరు. లానా టోఫమ్ అనే ఆవిడ పింక్ ఫ్లాయిడ్ తరఫున ఏళ్ల తరబడి వెతుకుతుండగా, పేర్లు సరిగా లేని ఐదు డబ్బాల్లో అసలు 35 ఎంఎం నెగెటివ్ దొరికింది. ఫ్రేము ఫ్రేమునూ 4కెలో స్కాన్ చేశారు. ఏప్రిల్ 24న థియేటర్లకు, మే 2న బ్లూరే, డీవీడీలకు వచ్చింది. ధ్వనిని స్టీవెన్ విల్సన్ కొత్తగా మిక్స్ చేశాడు. 'ఎకోస్' పాట మొదట్లో కెమెరా రాతిమెట్ల మీదుగా దూరం నుంచి దగ్గరికి జరుగుతుంది చూడండి, అక్కడ ఇప్పుడు స్పీకర్ డబ్బాల వెనక రాసిన అక్షరాలు చదవొచ్చు. నిక్ మేసన్ చేతిలోంచి డ్రమ్ము పుల్ల జారిపోయి, మరొకటి అందుకునే క్షణం పాత కాపీల్లో ఒక తడబాటులా ఉండేది. ఇప్పుడు వేళ్లు కూడా కనిపిస్తాయి. 2003 డీవీడీ ఉన్నవాళ్లు కూడా మళ్లీ డబ్బు పెట్టొచ్చని నేను ధైర్యంగా చెప్పే డిస్కు ఇది.

టాకింగ్ హెడ్స్ 'స్టాప్ మేకింగ్ సెన్స్' గురించి రెండే మాటలు. 1983 డిసెంబర్‌లో హాలీవుడ్ పాంటేజస్ థియేటర్‌లో జొనాథన్ డెమీ తీసిన కచేరీ, 2023లో ఏ24 అనే సినిమా కంపెనీ వాళ్ల 4కె. ఏ వెర్షన్ అని ఆలోచించే పనే లేదు, కొత్తదే.

ఒకే నెగెటివ్, రెండు వంటలు

ఫిల్మ్ మీద పుట్టినంత మాత్రాన అన్నీ ఒకేలా రావు. బీటిల్స్ దీనికి మంచి పాఠం. 1969 జనవరిలో మైకేల్ లిండ్సే-హాగ్ 16 ఎంఎం మీద దాదాపు 60 గంటల ఫిల్మ్ తీశాడు. దాంట్లోంచి 1970లో 'లెట్ ఇట్ బీ' సినిమా వచ్చింది, ఆ తర్వాత దశాబ్దాల పాటు దొరక్కుండా పోయింది. అదే రీళ్ల నుంచి పీటర్ జాక్సన్ 2021 నవంబర్‌లో దాదాపు ఎనిమిది గంటల 'గెట్ బ్యాక్' చేశాడు. మళ్లీ ఆయన బృందమే 2024 మే 8న పాత 'లెట్ ఇట్ బీ'ని శుభ్రం చేసి డిస్నీ ప్లస్‌లో పెట్టింది.

'గెట్ బ్యాక్' మొదటిసారి చూసినప్పుడు కన్నీళ్లొచ్చాయి, అబద్ధమెందుకు. నిన్నగాక మొన్న తీసినట్టుంది. జార్జ్ చొక్కా గులాబీ రంగు చూసి టీవీ దగ్గరికి వెళ్లిపోయాను. మూడో భాగానికి వచ్చేసరికి కంటికి ఏదో తేడా తెలియడం మొదలైంది. గ్రెయిన్‌ను బాగా తుడిచేశారు. కొన్ని షాట్లలో పాల్ గడ్డం మైనపు బొమ్మకు అతికించినట్టుంటుంది. పైగా దాదాపు చదరంగా ఉండే 16 ఎంఎం బొమ్మను వెడల్పు టీవీకి సరిపడేలా పైనా కిందా కత్తిరించారు. 'లెట్ ఇట్ బీ' 2024 వెర్షన్ నా కళ్లకు ఇంకొంచెం ఫిల్మ్‌లా, గరుగ్గా అనిపిస్తుంది, ముఖాలు చర్మంలా ఉంటాయి. కాబట్టి కథ కోసం, వాళ్ల కబుర్ల కోసం, ఒక పాట శూన్యంలోంచి పుట్టడం చూడ్డానికి 'గెట్ బ్యాక్'. బొమ్మ కోసం, ఒక సాయంత్రం కూర్చుని చూసెయ్యడానికి 'లెట్ ఇట్ బీ'. రెండూ చూడగలిగితే 'లెట్ ఇట్ బీ' ముందు చూడండి. తర్వాత చూస్తే అంత చిన్న సినిమా ఆనదు.

బీటిల్స్ పాటల వీడియోలే కావాలంటే 2015 నవంబర్‌లో వచ్చిన '1+' సెట్ వెతకండి. 18 మంది బృందం శుభ్రం చేసిన 50 చిన్న సినిమాలున్నాయి. దీంట్లో ఇంకో లాభం ఉంది. 'డే ట్రిప్పర్' 1965లో ట్విక్‌నమ్ స్టూడియోలో వీడియో టేపు మీద తీసింది, 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్' 1967లో నోల్ పార్క్‌లో ఫిల్మ్ మీద తీసింది. ఒకదాని వెంట ఒకటి పెట్టి చూస్తే, ఇప్పటిదాకా నేను చెప్పిందంతా పది నిమిషాల్లో మీ కళ్లే చెబుతాయి.

కత్తిరింపు సంగతి

టీవీ నిండా బొమ్మ రావాలని చాలామందికి పట్టుదల. పాత వీడియోలు 4:3 కొలతలో తీసినవి. వాటిని 16:9 చేస్తే బొమ్మలో సరిగ్గా పావు వంతు పోతుంది. టోపీలు, గిటార్ కింది భాగం, పాదాలు ముందు పోతాయి. డ్రమ్మర్ ఎప్పుడూ వెనక, పైన ఉంటాడు కాబట్టి పాపం ముందు అతనే పోతాడు. 'మాయాబజార్'కు 2010లో రంగులద్ది స్కోప్ చేసినప్పుడు మా ఇంట్లో పెద్ద గొడవైంది. రంగులు బాగున్నాయని అమ్మ, కిరీటాలు తెగాయని నాన్న. నేను నాన్న పక్షం. పక్కల నల్ల పట్టీలుంటే ఉండనివ్వండి. రెండు వెర్షన్లూ దొరికితే పట్టీలున్నదే తీసుకోండి. టీవీ రిమోట్‌లో "ఫుల్ స్క్రీన్" నొక్కి సాగదీసేవాళ్లకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

ఎక్కడ చూడాలి

ఫోన్‌లోనే చూస్తారా? అయితే ఈ వ్యాసం సగం మీకు అక్కర్లేదు. అధికారిక ఛానల్లో ఉన్న వెర్షన్ ఏదైనా చాలు, మిగిలిన డబ్బుతో మంచి ఇయర్‌ఫోన్లు కొనుక్కోండి. టీవీలో యూట్యూబ్ చూసేవాళ్లకు ఒక చిట్కా. మీది మామూలు ఫుల్ హెచ్‌డీ టీవీ అయినా, కుదిరితే క్వాలిటీ 2160 దగ్గర పెట్టండి. అక్కడ యూట్యూబ్ ఎక్కువ డేటా పంపుతుంది కాబట్టి పొగ, వాన, జనం ఉన్న షాట్లు గళ్లుగళ్లుగా విరగవు. ఐదు నిమిషాల పాటకు అరజీబీ దాకా పోవచ్చు, మొబైల్ డేటా మీద ఉన్నవాళ్లు చూసుకోండి. ధ్వని మాత్రం యూట్యూబ్‌లో ఎప్పుడూ కుదించినదే.

కచేరీ సినిమాలకు ఓటీటీ చవక, సులువు. కానీ ఈ రోజు ఉన్నది వచ్చే ఏడాది ఉంటుందన్న నమ్మకం లేదు, కాబట్టి చందా కట్టే ముందు మీకు కావలసింది మన దేశపు జాబితాలో ఉందో లేదో వెతకండి. థియేటర్లో పడితే దేన్నయినా వదులుకుని వెళ్లండి. హైదరాబాద్ ప్రసాద్స్‌లో ఐమాక్స్ పోయి వాళ్ల సొంత పీసీఎక్స్ తెర వచ్చినా తెర పెద్దదే. ఇలాంటివి మన ఊళ్లకు ఒకటి రెండు ఆటలకే వస్తాయి కాబట్టి బుకింగ్ యాప్ మీద కన్నేసి ఉంచాలి.

పదే పదే చూసేవాటికి డిస్కే. మామూలు బ్లూరేలో బొమ్మకు సెకనుకు 40 మెగాబిట్ల దాకా చోటుంటుంది, 4కె డిస్కులో దానికి రెట్టింపు పైనే వెళ్లొచ్చు. చీకటి వేదిక మీద ఒక్క ఎర్ర లైటు వెలిగినప్పుడు ఆ తేడా తెలుస్తుంది. అయితే కొనేముందు వెనక అట్ట మీద రీజియన్, అంటే ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు, చూసుకోండి. బ్లూరేలో మన దేశం సి, అమెరికా ఏ, యూరప్ బి. నేనోసారి ఆన్‌లైన్‌లో ఒక విక్రేత దగ్గర ఓ కచేరీ బ్లూరే తెప్పించుకున్నాను. "అన్ని రీజియన్లకూ పనిచేస్తుంది" అని రాశాడు. కస్టమ్స్ సుంకం కట్టి, ఇంటికొచ్చాక ఆత్రంగా పెడితే "ఈ డిస్కు ప్లే కాదు" అని తెర మీద రెండు లైన్లు. వాపసు పంపే ఖర్చు డిస్కు ధరకు దగ్గరగా ఉంది. ఇప్పటికీ అది నా బల్ల మీద టీ కప్పు కింద ఉంటుంది. 4కె డిస్కులకు ఈ రీజియన్ గొడవ లేదు, అందుకే రెండూ ఉంటే నేను అదే తీసుకుంటాను. ప్లేయర్ మాత్రం 4కె డిస్కులు చదివేదై ఉండాలి.

పాత పాల్ పద్ధతి డీవీడీలు పారేసే ముందు ఒక్కసారి విని చూడండి. సెకనుకు 24 ఫ్రేముల ఫిల్మ్‌ను 25కు తోసి చాలా డీవీడీలు చేశారు. శ్రుతి సరిచేయకుండా వదిలేసినవాటిలో పాట నాలుగు శాతం వేగంగా, కొంచెం పై శ్రుతిలో నడుస్తుంది. దాని పక్కన గిటార్ పట్టుకుని వాయించబోయినవాళ్లకు ఎందుకు కలవలేదో ఇప్పుడు అర్థమవుతుంది.

ఇంత చేసి టీవీ సెట్టింగు వదిలేస్తే అంతా బూడిదలో పోసిన పన్నీరే. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, ఇతర టీవీల్లో ఇంకేదో పేరుతో ఉండే, మధ్యలో లేని ఫ్రేములు ఊహించి చేర్చే "స్మూత్" వ్యవహారాన్ని ఆపేయండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టండి. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. మొదటి రెండు రోజులు బొమ్మ డల్‌గా ఉందని ఇంట్లోవాళ్లు గొణుగుతారు. మూడో రోజుకు మర్చిపోతారు.

మీ బీరువాలో కూడా పెళ్లి క్యాసెట్లేమైనా ఉంటే, ఆ టేపులు ఇంకా ఆడుతుండగానే డిజిటల్ చేయించండి. షాపతనికి రెండు మాటలు ముందే చెప్పండి. ఒకటి, ఎన్‌హాన్స్ వద్దు, ఉన్నది ఉన్నట్టు ఇవ్వమని. రెండు, చివర్లో వేరే ఏదైనా రికార్డయి ఉంటే కట్ చేయొద్దని. నాకు రెండోసారి ఫైలు ఇచ్చేటప్పుడు అతనే అడిగాడు, "సార్, చివర్లో ఏదో ఇంగ్లిష్ పాట ఉంది, తీసేయమంటారా?" అని. 'నవంబర్ రెయిన్'ను ఇప్పుడు ఎంత శుభ్రంగా కావాలంటే అంత శుభ్రంగా చూడొచ్చు. అయినా ఉంచేయమన్నాను, ట్రాకింగ్ గీతతో సహా.